బాపమ్మ పోయి ఏడాది కాలేదు: ఈసారి పెత్రమాసకు ఏం చేయాలి? ఈ గొడుగు బొమ్మ ఎవరిది?

మోదుగాకు
సెప్టెంబర్ 9, 2025, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లు ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. మాది నల్గొండ, పానగల్లు దగ్గర. మా బాపమ్మ మొన్న మాఘమాసంలో, చెర్వుగట్టు జాతర అయిన వారానికి పోయింది. వయసెంత అంటే ఆమెకే లెక్క లేదు. "సాగర్ కట్టకు నెహ్రూ పునాది రాయి వేసిన్నాడు మా నాయిన నన్ను భుజాల మీద ఎక్కించుకొని తీస్కపోయిండు" అని చెప్పేది. అది 1955 డిసెంబర్. ఆ లెక్కన డెబ్బై అయిదు, అటో ఇటో.

మీ అందరినీ రెండు విషయాలు అడగాలని రాస్తున్నాను.

మొదటిది. ఈసారి పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, 21న, ఆదివారం. పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చుడు, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. మా వాడలో నలభై ఏళ్లుగా పాట ఎత్తుకునేది బాపమ్మే. ఆమె ఒక వరుస అంటే మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకునేవాళ్లు. ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరగలేదు కాబట్టి ఈసారి బతుకమ్మ పేర్చేది లేదని నాన్న గట్టిగా అన్నాడు. మా మేనత్తలు ఇద్దరూ ఫోన్‌లో ఏడ్చారు. "అమ్మ ఉంటే ఊకుంటదా?" అని ఒకటే మాట. మీ దిక్కు ఎట్లా చేస్తారు?

రెండోది. బాపమ్మకు చదువు రాదు. కానీ ఒక నోట్‌బుక్ ఉండేది. ఫోన్ నంబర్ మాతో రాయించుకొని, పక్కన తనే బొమ్మ గీసుకునేది. సూది అంటే టైలర్. మూడు సున్నాలు అంటే ఆటో ఆయన, మూడు చక్రాలు కదా. చేప అంటే మా పెద్ద మేనత్త, చిన్నప్పుడు చెరువులో పడి లేచిందట. దినాలకు పిలవడానికి ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకొని మా తమ్ముడు, నేను ఒక్కొక్క బొమ్మ పోల్చుకుంటూ ఫోన్లు చేశాం. అందరూ దొరికారు, ఒక్కరు తప్ప. సగం చందమామ, దాని కింద నిలువు గీత, చివర కొక్కెం. గొడుగు. ఆ నంబర్ పనిచేయడం లేదు.

ప్రతి శనివారం పొద్దున బాపమ్మ ఫోన్ చేసేది ఆ నంబర్‌కే. గుర్తుపట్టడానికి మా దగ్గర ఉన్నది రెండు మాటలే. "తిన్నవా? ఏం తిన్నవు?" ఇంట్లో అందరం పనుల్లో ఉండేవాళ్లం, ఎవరితో బాపమ్మా అని ఒక్కనాడూ అడగలేదు. దినాల భోజనం ఆ మనిషి తినలేదన్నది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

బాపమ్మది ఇస్తర్లు, అంటే ఆకు విస్తర్లు, కుట్టే పని. నల్గొండలో పెళ్లి చేసినవాళ్లలో ఎవరికన్నా గుర్తుండొచ్చు. తెలిసినవాళ్లు చెప్పండి.


దేవరకొండ_అక్క
సెప్టెంబర్ 9, రాత్రి 11:05

చెల్లె, మనసుకు కష్టమైంది. మా ఇంట్లో అయితే సంవత్సరీకం అయ్యేదాకా పోయినవాళ్ల పేరు మీద పెత్రమాస బియ్యం ఇవ్వరు. నెలనెలా మాసికం పెడతారు కదా, అదే వాళ్లది. అంతకుముందు పోయిన పెద్దల పేరు మీద ఇస్తారు. కానీ మా అత్తగారింట్లో మొదటి ఏడాదే ఇచ్చారు. ఇంటింటికీ మారుతుంది. మీ అయ్యగారిని అడిగితే మీ ఇంటి పద్ధతి చెబుతాడు.

బతుకమ్మ సంగతి మాత్రం నాకు తెలిసిన దాకా చెప్తా. మా అమ్మ పోయిన ఏడు మేము ఇంట్లో పేర్చలేదు. కానీ పక్కింటి వదినె పేరుస్తుంటే నేను పోయి కూర్చొని తంగేడు కట్టలు అందించా. ఎవరూ వద్దనలేదు. పువ్వు ముట్టుకున్నాకే నాకు ఏడుపు వచ్చింది. అప్పటిదాకా రాలేదు.

ఆమె గురించి ఇంకా రాయి చెల్లె. ఇస్తర్లు కుట్టేదంటే మోదుగాకువేనా? ఇప్పుడు ఆ వాసనే లేకుండా పోయింది.


మోదుగాకు
సెప్టెంబర్ 10, ఉదయం 7:20

అవునక్కా, మోదుగాకువే. నా పేరు కూడా అందుకే అట్లా పెట్టుకున్న.

ఆకుల మోపులు గుట్టల దిక్కు నుంచి వచ్చేవి. ఎండిన ఆకు మీద నీళ్లు చిలకరించి, దొంతర పేర్చి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టేది. తెల్లారేసరికి ఆకు మెత్తబడి చెప్పినట్టు వింటుంది. మధ్యలో పెద్దాకు, చుట్టూ ఒకదాని మీద ఒకటి ఎక్కించి, సన్నటి పుల్ల గుచ్చి, మిగిలిన కొస పుటుక్కున విరిచేది. ఆ పుటుక్కు పుటుక్కు చప్పుడు వింటూ నిద్రపోయినవాళ్లం మేము. కుడిచేతి చూపుడువేలు కొస గట్టిపడి చిన్న చింతగింజ అతికించినట్టు ఉండేది. జ్వరం వస్తే నుదుటి మీద ఆ వేలు పెట్టి చూసేది. వేడి ఆ వేలికి తెలియదని, మళ్లీ చెంప ఆనించి చూసేది.

కట్టకు నూరు ఇస్తర్లు. కానీ బాపమ్మ ఏ కట్టలోనూ నూరు పెట్టలేదు. నూట అయిదు పెట్టేది. డబ్బులు నూటికే. "పిలువని సుట్టం గూడ వస్తడు బిడ్డ. ఆయన్ను కిందికెల్లి లేపుతమా?" అనేది. మా తాత కోప్పడేవాడు, నెలకు ఎన్ని ఇస్తర్లు పోతున్నాయో లెక్కగట్టి చూపించేవాడు. ఆమె అంతా విని, మళ్లీ అయిదు లెక్కపెట్టి పైన పెట్టేది.

కట్టలు తీసుకుపోవడానికి వచ్చినవాళ్లతో అరుగు మీద గంటసేపు ముచ్చట. పెళ్లికొడుకు ఏం చేస్తడు, ఎవలింటి పిల్ల, కూరలేం వండుతున్నరు, వంకాయలో చింతపండు ఎక్కువ పొయ్యొద్దని చెప్పు. మనిషి కనిపిస్తే చాలు, ముందు "ఎవలింటి పిల్లవు?" అని అడిగేది. రెండో ప్రశ్నకల్లా చుట్టరికం కలిపేది.


పాలమూరు_పోరడు
సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 1:44

మీ బాపమ్మ గురించి చదివితే మా అమ్మ కళ్ల ముందుకొచ్చింది. మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. మా దిక్కు పెద్దల అమావాస్య అంటాం. వానలు లేని ఏడు మా అమ్మానాయిన బొంబాయి బస్సు ఎక్కేవాళ్లు, మేస్త్రీ జట్టులో. నన్ను మా అవ్వ దగ్గర వదిలి పోయేవాళ్లు. ఒక ఏడాది నన్నూ తీసుకుపోయారు, నాకు ఏడేళ్లు.

కట్టే బిల్డింగ్ కిందనే రేకుల గుడిసెలు. ఒక గుడిసెలో మరాఠీవాళ్లు, ఒకదాంట్లో బీహార్ వాళ్లు, పక్కన మేము. మా అమ్మకు ఒక్క తెలుగే వచ్చు. అయినా సాయంత్రం అయ్యేసరికి అందరి పొయ్యిల మీద ఏం ఉడుకుతోందో ఆమెకు తెలిసేది. జొన్నరొట్టెలు కొట్టి పక్క గుడిసె పిల్లలకు పెట్టేది. వాళ్ల అమ్మ ఏదో అనేది, మా అమ్మ ఇంకేదో అనేది, ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. తిరిగి వచ్చే రోజు ఆ మరాఠీ ఆమె బస్సు దాకా వచ్చి మా అమ్మ చెయ్యి పట్టుకొని ఏడ్చింది. ఒకరి పేరు ఒకరికి సరిగ్గా పలకడం కూడా రాదు.

అమ్మ పోయి ఆరేండ్లు. కురుమూర్తి జాతరకు పోయినప్పుడల్లా జనంలో ఆమె గొంతు కోసం వెతుక్కుంటా. పేరు పెట్టి అందరినీ పిలిచే గొంతు.

మా ఇంట్లో మొదటి ఏడు పెద్దలకు పెట్టాం. దేవరకొండ అక్క అన్నట్టు ఇంటికొక పద్ధతి.


పంటి_డాక్టర్
సెప్టెంబర్ 10, రాత్రి 9:30

నేను నల్గొండలోనే ప్రాక్టీస్ చేస్తున్నాను. మోదుగాకు గారూ, ఒక మాట అడగొచ్చా? మీ బాపమ్మ తల్లిగారు మర్రిగూడ దిక్కా? పళ్ల మీద గోధుమరంగు చారలు ఉండేవా? నవ్వితే నోరంతా కనిపించేదా?


మోదుగాకు
సెప్టెంబర్ 10, రాత్రి 9:52

అవును సార్! మర్రిగూడ మండలమే. మీకెట్లా తెలుసు?


పంటి_డాక్టర్
సెప్టెంబర్ 10, రాత్రి 11:18

మా అక్క పెళ్లికి ఇస్తర్లు తేవడానికి మా నాన్నతో వచ్చినవాణ్ణి నేను. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. మాదీ ఆ పక్క ఊరే. చిన్నప్పుడు బావి నీళ్లే తాగాం. పాలపళ్లు ఊడకముందే, చిగురు లోపల పెద్ద పళ్లు తయారవుతున్నప్పుడే ఫ్లోరైడ్ వాటిలో చేరుతుంది. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పు. మన దిక్కు బోర్లలో, బావుల్లో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పన్ను బయటికి వచ్చేసరికే చారలతో వస్తుంది, ఎంత తోమినా పోదు. పటిక, సున్నం కలిపి నీళ్లు తేర్చే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ పేరే పెట్టారు. ఆ పేరు పాఠంలో చదివినప్పుడు మా క్లాసులో అందరూ నా నోటి వైపు చూశారు.

ఆ రోజుకు నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టకుండా నవ్వింది లేదు. ఫొటోల్లో మూతి బిగించుకొని ఉంటాను. మీ బాపమ్మ అరుగు మీద కూర్చొని మా నాన్నతో ఏదో అని పకపకా నవ్వింది. నా పళ్లలాంటి పళ్లు. చెయ్యి అడ్డం పెట్టలేదు, కొంగు అడ్డం పెట్టలేదు. నేను చూస్తున్నది గమనించి, "ఏం బిడ్డ, నీవి నావి ఒక్క బాయి నీళ్ల పళ్లేనా?" అంది. అని నా గదమ పట్టుకొని పైకి ఎత్తింది. "నవ్వు. పండ్లు తినెటందుకు, నవ్వెటందుకు. దాసెటందుకు గాదు."

నేను పళ్ల డాక్టర్ అయ్యాను. పాతికేళ్లు దాటిన ఆడపిల్లలు పెళ్లి సంబంధం తప్పిపోయిందని వచ్చి నా కుర్చీలో ఏడుస్తారు. వాళ్లకు పైపూత వేస్తాను, వైద్యం ఉంది, చేస్తాను. ముందు మాత్రం ఆ అరుగు సంగతి చెబుతాను. ఆమె పేరు నాకు తెలియదు. పోయిందని మీరు రాశాకే తెలిసింది. మీ కుటుంబానికి నా నమస్కారం.


మోదుగాకు
సెప్టెంబర్ 10, రాత్రి 11:40

డాక్టర్ గారూ, ఇది నాన్నకు చదివి వినిపించాను. లేచి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. ఇంకా లోపలికి రాలేదు.


రామగిరి_భాయ్
సెప్టెంబర్ 12, ఉదయం 6:55

అక్కా, సలాం. నూట అయిదు ఇస్తర్లు అని చదవగానే గుర్తుపట్టిన. మీ బాపమ్మను మా అమ్మీ, మేము అందరం ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లం. మా ఇంటి పక్క సందులోనే మీరు మొదట కిరాయికి ఉండేవాళ్లు. అప్పటికి మీరు పుట్టి ఉండరు.

పీర్ల పండుగకు మలీద ముద్దలు చేసుకొని అందరికంటే ముందు వచ్చేది. జాన్‌పహాడ్ ఉర్సుకు మా అమ్మీతో కలిసి రెండుసార్లు పోయింది. అమావాస్య రాత్రి చెర్వుగట్టు మీద నిద్ర చేయడానికి మా అమ్మీని తీసుకుపోయింది. మా అమ్మీకి మోకాళ్లు నొప్పి, మెట్లు ఎక్కలేదు. ఖాలా ఒక్కొక్క మెట్టు మీద ఆగి ఒక్కొక్క కథ చెప్పిందట. "కథ కోసం ఎక్కిన, దేవుని దగ్గరికి ఎప్పుడొచ్చిన్నో తెల్వదు" అని మా అమ్మీ ఇప్పటికీ చెప్తది.

రంజాన్ నెలలో సాయంత్రం మా వాకిట్లో ఖాలా గొంతు వినపడకపోతే ఉపవాసం విడిచినట్టు ఉండేది కాదు. ఈ ఏడు మార్చిలో రంజాన్ వచ్చింది. మొదటి రోజు మా అమ్మీ తలుపు దిక్కు చూసుకుంట కూర్చుంది. ఖర్జూరం చేతిలోనే ఉంది.

గొడుగు సంగతి: ప్రకాశం బజార్ దిక్కు వానాకాలంలో గొడుగులు బాగుచేసే ఒకాయన కూర్చునేవాడు. మిగతా రోజుల్లో స్టవ్‌లు, తాళాలు చేసేవాడు. ఖాలా ఆయనకు టిఫిన్ డబ్బా తీసుకుపోవడం నేను చూసిన. కానీ ఆయన కరోనాలో పోయిండని విన్న. ఆయనకు ఒక కొడుకు ఉండాలె. పేరు, నంబర్ కనుక్కొని ఇక్కడ పెడతా.


వేదిక నిర్వహణ
సెప్టెంబర్ 12, ఉదయం 9:00

సభ్యులకు మనవి. ఎవరి పేర్లు, ఫోన్ నంబర్లు బహిరంగంగా పెట్టవద్దు. వ్యక్తిగత సందేశంలో పంపుకోండి. ఈ చర్చను పై వరుసలో ఉంచుతున్నాం, చూడాల్సినవాళ్ల కంట పడాలని.


గట్టుప్పల్_మగ్గం
సెప్టెంబర్ 13, రాత్రి 8:15

అందరివీ చదివాను. నేను కూడా ఒకటి చెప్పాలి.

మాది చేనేత ఇల్లు. మా అమ్మ ఆసు పోసేది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, చీరకు రంగుల డిజైన్ కట్టే ముందు నూలును అర్ధచంద్రంగా ఉన్న మేకుల చుట్టూ ఒక్కొక్క పోగు తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ పోవాలి. భుజం పడిపోయేది. చింతకింది మల్లేశం గారు వాళ్ల అమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు మిషన్ చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి ఆ మిషన్ వచ్చేసరికి మా అమ్మకు యాభై దాటాయి.

2003లో మా అమ్మ భుజం చూపించుకోవడానికి నల్గొండ పోయి బస్సులో తిరిగి వస్తోంది. పక్కన ఇస్తర్ల కట్టలు ఒళ్లో పెట్టుకొని ఒకామె. "ఎవలింటి పిల్లవు?" అని మొదలైంది. చండూరు వచ్చేలోపు మా అమ్మకు పెళ్లి కావాల్సిన బిడ్డ ఉందని, ఆమెకు తెలిసిన ఒక మంచి పిల్లగాడు చౌటుప్పల్‌లో ఉన్నాడని, వాళ్లమ్మ నెమ్మదస్తురాలని, కట్నం కోసం పీడించరని, అన్నీ తేలిపోయాయి. నెల తిరగకుండా చూపులు. నా పెళ్లికి ఇస్తర్లు ఆమే తెచ్చింది, డబ్బులు తీసుకోలేదు. "సంబంధం చెప్పినామె ఇస్తరి అమ్ముకుంటదా?" అన్నది.

ఇరవై రెండేళ్లు అయింది. నాకు ఇద్దరు కొడుకులు. మా ఆయన ఈ చర్చ చదివి, మీ ఇల్లు ఎక్కడో అడుగు, పోయి రావాలి అంటున్నాడు. మోదుగాకు, నీకు మెసేజ్ పెట్టాను చూడు తల్లీ.


మిర్యాలగూడ_టీచర్
సెప్టెంబర్ 14, ఉదయం 10:10

21న సూర్యగ్రహణం అంటున్నారు కదా, పెత్రమాస చేయొచ్చా అని మా బంధువులు టెన్షన్ పడుతున్నారు. మీకూ ఆ అనుమానం వస్తుందని రాస్తున్నాను. అది మన దేశంలో కనిపించే గ్రహణం కాదు. నిశ్చింతగా చేసుకోండి.

మోదుగాకు గారి నాన్నగారికి ఒక మనవి. మీ అమ్మగారు పాట ఎత్తుకునేది అన్నారు. ఆ పాటలు ఎవరన్నా రాసి పెట్టారా? ఒక్కో వాడలో ఒక్కో వరుస ఉంటుంది, ఊరి చెరువుల పేర్లు, తెగిన కట్టల పేర్లు అందులోనే ఉంటాయి. ఆమె పక్కన చప్పట్లు కొట్టినవాళ్లకు సగం సగం వచ్చే ఉంటాయి. ఇప్పుడే కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయండి.


దూరం_కొడుకు
సెప్టెంబర్ 15, రాత్రి 1:35

నేను ఆమె చిన్న కొడుకును. మోదుగాకు నా అన్న బిడ్డ. మా అన్న ఈ చర్చ లింక్ పంపిండు. దుబాయ్‌లో ఉంటా. ఇక్కడ ఇప్పుడు పన్నెండు దాటింది, డ్యూటీ నుంచి వచ్చి మొత్తం చదివిన.

అమ్మకు సీరియస్ అని ఫోన్ వచ్చిన నాడు సెలవు అడిగిన. కంపెనీ వాళ్లు పాస్‌పోర్ట్ ఇయ్యడానికి నాలుగు రోజులు చేసిండ్రు. అమ్మ రెండో నాటికే పోయింది. వీడియో కాల్‌లో చూసిన. ఎవరో ఫోన్ పట్టుకుండ్రు, చెయ్యి వణుకుతున్నది, అమ్మ మొఖం సరిగ్గ కనపడలే. పాడె ఎత్తేటప్పుడు నెట్ పోయింది. మళ్లీ కలిసేసరికి ఖాళీ వాకిలి. అక్కడ ముగ్గు పిండి డబ్బా బోర్ల పడి ఉంది. నా కండ్లల్ల అదే ఉండిపోయింది.

నేను ఊరు విడిచిన నాడు అమ్మ బస్టాండ్ దాకా వచ్చింది. బస్సులో నా పక్క సీటాయనతో మాట్లాడింది. "నా కొడుకు. లోపలి మనిషి, తనంతట తను ఆకలి అని అడగడు. నువ్వే అడుగు" అని చెప్పింది. ఆయన జగిత్యాల మనిషి. పదకొండేళ్లు అయింది, ఇప్పటికీ నా రూమ్‌మేట్. అమ్మ పోయిందని తెలిసిన రాత్రి ఆయనే నాకు అన్నం కలిపి పెట్టిండు.

అన్నా, బతుకమ్మ సంగతి నువ్వు పెద్దోనివి, నీ ఇష్టం. నేను ఒక్కటే అడుగుత. ఆ సాయంత్రం వాకిట్లకు ఫోన్ పట్టు. ఈసారి నెట్ మంచిగుండేటట్టు చూడు.


దేవరకొండ_అక్క
సెప్టెంబర్ 15, ఉదయం 6:30

తమ్మీ, పొద్దున్నే ఛాయ్ పక్కన పెట్టుకొని చదివిన. చల్లారిపోయింది. పైలంగ ఉండు.


గొడుగు
సెప్టెంబర్ 17, రాత్రి 11:58

రామగిరి భాయ్ మా పాత ఇంటి ఓనర్ ద్వారా నన్ను పట్టుకున్నారు. ఆయన పంపిన లింక్‌తో ఇప్పుడే సభ్యుణ్ణి అయ్యాను. గొడుగు మా నాన్న.

అమ్మమ్మ పోయిందని నాకు ఇప్పుడే తెలిసింది. నేను ఆమెను అమ్మమ్మ అనేవాణ్ణి.

ఏదో వానాకాలం ఆమె మా నాన్న దగ్గరికి ఊచలు విరిగిన గొడుగు తెచ్చిందట. నాన్న బాగుచేసి ఇచ్చి, తిన్నవా అని ఆమె అడిగితే లేదన్నాడట. మా అమ్మ పోయిన కొత్త. అప్పటి నుంచి డబ్బా తెచ్చేది. కాళ్లు పట్టేసి బయటికి రావడం తగ్గాక ఫోన్. శనివారం ఎందుకంటే నాన్న ఆ రోజు ఆలస్యంగా దుకాణం తీసేవాడు, తీరికగా మాట్లాడొచ్చని.

2021 మే నెలలో నాన్న పోయాడు. నాకు పంతొమ్మిదేళ్లు. దవాఖాన నుంచి ఆయన ఫోన్, చెప్పులు ఒక కవర్లో పెట్టి ఇచ్చారు. శనివారం ఫోన్ మోగింది. తెరమీద "ఇస్తర్ల అమ్మ" అని ఉంది. నాన్న లేడు అని చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఫోన్ పెట్టేసిందనుకున్నాను. తర్వాత అడిగింది, "నువ్వు తిన్నవా బిడ్డ?" అని.

నాలుగేళ్లు. నేను హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిప్లొమా చేశాను, ఉద్యోగంలో చేరాను. ఒక్క శనివారం తప్పలేదు. "ఏం తిన్నవు?" అని అడిగితే అబద్ధం చెప్పేవాణ్ణి కొన్నిసార్లు. "గొంతు తిన్నట్టు లేదు" అనేది. లేచి పోయి తినేవాణ్ణి.

ఈ జనవరి చివర్లో బస్సులో నా ఫోన్ కొట్టేశారు. సిమ్ నాన్న పేరు మీద ఉంది. డూప్లికేట్ కావాలంటే ఆయనే రావాలన్నారు. ఆయన లేడని కాగితాలు చూపించినా తిప్పారు, చివరికి ఆ నంబర్ పోయింది. అమ్మమ్మ నంబర్ ఆ ఫోన్‌లోనే ఉంది, నాకు నోటికి రాదు. ఇల్లు పానగల్లు దగ్గర అని మాత్రమే తెలుసు. మార్చిలో ఒక ఆదివారం వచ్చి చెరువు కట్ట దాకా తిరిగాను, ఇస్తర్లు కుట్టే అమ్మమ్మ అని అడిగాను. నేను అడిగినవాళ్లు కొత్తగా కట్టుకొని వచ్చినవాళ్లు, తెలియదన్నారు. తిరిగి వెళ్లిపోయాను. ఆమె ఫోన్ చేసి చేసి నేను ఎత్తలేదని బాధపడుతుందని అనుకుంటూ ఉన్నాను ఇన్ని నెలలు.

అప్పటికే ఆమె లేదు.


మోదుగాకు
సెప్టెంబర్ 18, ఉదయం 5:40

అన్నా, నువ్వు తిరిగిన ఆ కట్టకు మా ఇల్లు నాలుగు సందుల దూరం. ఆదివారం రావాలి. నాన్న రమ్మన్నాడు. నేనడిగి అనిపించింది కాదు, నీది మొత్తం చదివి ఆయనే అన్నాడు.

ఒక మాట చెప్పాలి నీకు. దవాఖానలో చివరి శనివారం, ఐసీయూలోకి తీసుకుపోకముందు, బాపమ్మ ఫోన్ అడిగింది. మాట సరిగ్గా రావడం లేదు. మా అమ్మ ఫోన్ చేతికి ఇస్తే గొడుగు బొమ్మ నంబర్ కలపమంది. స్విచాఫ్ వచ్చింది. "పనిల ఉన్నడేమో, మల్ల చేద్దం" అన్నది. కోపం లేదు, బాధ కూడా లేదు. నువ్వు ఎత్తలేదని అనుకోలేదు.


మోదుగాకు
సెప్టెంబర్ 22, రాత్రి 9:25

నిన్నటి సంగతి రాయమని చాలామంది మెసేజ్‌లు పెట్టారు.

అయ్యగారు మా ఇంటి పద్ధతి ప్రకారం తాత పేరు మీద, ముత్తాతల పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు ఇప్పించాడు. బాపమ్మది సంవత్సరీకం తర్వాతే అన్నాడు. నాన్న సరే అన్నాడు.

ఇస్తర్లు మేమే కుట్టాం. మోదుగాకు దొరకడానికి రామగిరి భాయ్ రెండు రోజులు తిరిగాడు. చిన్న మేనత్తకు చెయ్యి మరవలేదు, నాకు మాత్రం ఆకు చిరుగుతూనే ఉంది. ఇరవై మందిమి అనుకొని ఇరవై అయిదు కుట్టాం. గట్టుప్పల్ అక్క కుటుంబం నలుగురు వచ్చారు. డాక్టర్ గారు చెప్పకుండానే వచ్చి నిలబడ్డారు. ఇరవై అయిదు సరిపోలేదు, మా తమ్ముడు, నేను ఒక ఇస్తరిలో తిన్నాం. గొడుగు అన్న తక్కువ వడ్డించుకుంటే మా పెద్ద మేనత్త గిన్నె పట్టుకొని ఆయన ముందే కూర్చుంది.

సాయంత్రం మేము పేర్చలేదు. నాన్న మాట అది, ఎవరూ కాదనలేదు. కానీ వాడలోని ఆడవాళ్లు వాళ్ల బతుకమ్మలు తెచ్చి గుడి దగ్గర కాకుండా మా వాకిలి ముందు దించారు. తొమ్మిది బతుకమ్మలు, గునుగు, తంగేడు, బంతి. గుండ్రంగా నిలబడ్డారు. ఎవరూ పాట ఎత్తుకోవడం లేదు. బాపమ్మ నిలబడే చోటు అట్లాగే వదిలేశారు. చాలాసేపు చప్పుడు లేదు. బాబాయ్ ఫోన్‌లో చూస్తున్నాడు, నెట్ పోయిందా పోయిందా అని అడుగుతున్నాడు.

పెద్ద మేనత్త గడప లోపల నిలబడి ఉంది. అక్కడి నుంచే ఎత్తుకుంది. గొంతు వణికింది, రెండో వరుస మర్చిపోయింది. బయట ఎవరో అందించారు, తర్వాత వరుస ఇంకొకరు. ఒక్కరికి మొత్తం రాదు, అందరి దగ్గర తలా కొంత ఉంది. టీచర్ గారు చెప్పినట్టు మా తమ్ముడు రికార్డు చేశాడు. నాన్న లోపలి నుంచి పీట తెచ్చి బాపమ్మ చోటు పక్కన వేశాడు, రామగిరి భాయ్ వాళ్ల అమ్మీ నిలబడలేదని.

రాత్రి గొడుగు అన్న బస్సుకు బయలుదేరాడు. నాన్న నోట్‌బుక్ తెమ్మన్నాడు. కళ్లద్దాలు పెట్టుకొని గొడుగు బొమ్మ వెతికాడు. పాత నంబర్ మీద ఒక గీత కొట్టి, కొత్త నంబర్ అడిగి, ఒక్కొక్క అంకె పలుకుతూ బొమ్మ పక్కనే రాశాడు. నాన్న అసలు ఎవరికీ తనంతట తాను ఫోన్ చేసే మనిషి కాదు.

"శనివారం పొద్దున ఎన్ని గంటలకు చేస్తుండె అమ్మ?" అని అడిగాడు.

"ఎనిమిదింటికి."

"సరే. పైలంగ పో బిడ్డ."